జెండా పోయి విజిల్ వచ్చింది

అరకు నుంచి పెదబయలు వెళ్లే జీపులో నా పక్కన కూర్చున్నాయన ఎర్రకార్డును ముద్దుగా తుడుచుకుంటున్నాడు. ఆ సాయంత్రం మండలాల ఫుట్‌బాల్ మ్యాచ్‌కి ఆయనే రిఫరీ అట.

"పోయినేడు లైన్స్‌మన్‌గా వచ్చినాను తమ్ముడూ. ఆఫ్‌సైడని జెండా ఎత్తితే, పెదబయలు గోల్‌కీపరు గోలొదిలీసి గ్రౌండంతా పరిగెత్తుకొచ్చి, నా జెండా లాక్కుని కాఫీ తోటలోకి ఇసిరీసినాడు. అందుకే ఈయేడు అడిగి మరీ ఈ మ్యాచే ఏయించుకున్నాను."

ఆ గోల్‌కీపరును నేనే. చలికి తలకు తువ్వాలు చుట్టుకున్నాను కనుక ఆయన నన్ను పోల్చుకోలేదు. ఐదో తరగతిలో బడి మానేశాను గాని, నోరు పారేసుకోవడం మాత్రం మానలేదు.

"ఆడ్ని ఏటి సేత్తారు సార్?"

"ఆడు గ్రౌండులో దిగగానే ఎర్రకార్డు సూపిత్తాను."

తువ్వాలు విప్పేశాను. "అయితే ఇక్కడే సూపించీండి సార్. గ్రౌండు దాకా నడక తప్పుతాది."

జీపంతా నవ్వింది. ఆయన మాత్రం నన్ను తేరిపార చూసి, కార్డు జేబులో పెట్టేసుకున్నాడు.

"వద్దు. నువ్వు ఆడాల. నీకు గోలు పడాల. నేను ఊదాల."

నాకు మూడు పడ్డాయి. మూడూ న్యాయమైన గోల్సే. పడినప్పుడల్లా ఆయన నా ముందుకు వచ్చి నిలబడి, ఊపిరున్నంతసేపూ విజిల్ ఊదాడు.

ఇప్పటికీ ఎవరింట్లో కుక్కరు కూసినా, బంతి ఎటు పోయిందోనని వెనక్కి తిరిగి చూస్తాను.