బాబాయి సర్దిన మట్టి

ఇంటికి ఎవరైనా వస్తున్నారంటే మా బాబాయికి కాలు నిలిచేది కాదు. వచ్చినవాళ్లు కూర్చోబోతుంటే ఆపి, తుడిచిన కుర్చీనే మళ్లీ తుడిచేవాడు. అలాంటి మనిషికి దొరికిన ఉద్యోగం, మూతబడ్డ రంగుల ఫ్యాక్టరీకి కాపలా. యంత్రాలన్నీ పాతసామాన్లవాళ్లు పట్టుకుపోయాక కాపలా కాయడానికి మట్టే మిగిలింది. ఆయన దాన్నీ రోజూ ఊడ్చేవాడు. వీధివాళ్లు వెటకారంగా ‘చీపురుదొర’ అంటే అది బిరుదనుకుని మీసం సవరించుకునేవాడు.

మున్సిపల్ ఆఫీసువాళ్లు ఆ స్థలాన్ని బాగుచేసి బజారు కడతామన్నారు, రోడ్డూ మురుగుకాలువా వేస్తామన్నారు. ముందు వరసలో ఒక కొట్టు మా పిన్నికి ఖాయమైంది. అప్పటిదాకా ఆమె కుట్టుమిషను వంటింట్లో పొయ్యి పక్కనే ఇరుక్కుని ఉండేది. కొత్త బట్టలకు కూర వాసనేమిటని గొణిగేవాళ్లకు సమాధానం చెప్పలేక చచ్చేది. అయితే మట్టి పరీక్షలో ఎక్కడ విషం లేదని తేలితే అక్కడే పని మొదలుపెడతారు. విషం ఉన్నచోట ముందు తవ్వి తీసేయాలి. దానికి ఎంతకాలం పడుతుందో ఎవరికీ తెలియదు.

పరీక్షకు మట్టి తీసే చోట్ల ముందే చిన్న ఎర్రజెండాలు పాతి వెళ్లారు. వెనక గోడ దగ్గర జెండా పాతిన నేల వంకాయ రంగులో ఉండి, ముక్కు మూసుకునేంత కంపు కొట్టేది. చూడ్డానికి ఆఫీసువాళ్లు వస్తుంటే ఈ అవతారమేమిటని బాబాయి ప్రాణం ఉసూరుమంది. తోపుడుబండి సంపాదించి, మా ఇంటి పెరట్లోని మంచి మట్టి తవ్వుకొచ్చి, ప్రతి జెండా చుట్టూ పరిచి, నీళ్లు చల్లి, చదును చేశాడు. పూలమొక్కలకని పిన్నికి చెప్పాడు.

మర్నాడు పరీక్షల అమ్మాయి చేతులకు రబ్బరు తొడుగులతో వచ్చి ఒక్కో జెండా దగ్గరా మట్టి తీసి సీసాల్లో నింపసాగింది. వీధంతా గోడ బయట గుమిగూడింది. నేనూ పిన్నీ వెనక గేటు దగ్గర నిలబడ్డాం. వెనక గోడ దగ్గర ఆ అమ్మాయి మట్టిని వేళ్లతో నలిపి చూసింది.

“ఇది చాలా బాగుందే! ఫ్యాక్టరీ పాత ప్లానులోనూ ఇక్కడ రంగు పారబోసే గోతులేం లేవు. దీన్ని తవ్వక్కర్లేదనుకుంటా. పిల్లల ఆటస్థలం ఇక్కడే పెట్టించొచ్చు.”

పిన్ని సంతోషం పట్టలేక నా చెయ్యి గిల్లింది. బాబాయి మొహంలో మాత్రం నెత్తురుచుక్క లేదు. ఆ అమ్మాయి సీసా మూత బిగిస్తోంది. ఆయన పిన్ని వైపు చూశాడు, గోడెక్కి కూర్చున్న పిల్లల వైపు చూశాడు, గొంతు సవరించుకున్నాడు. ఆ అమ్మాయి సీసా పెట్టెలో పెట్టి లేచింది.

“అమ్మా... ఆ మట్టి ఇక్కడిది కాదు,” అన్నాడు బాబాయి.

“మరి?”

“మా పెరటిది. మీరొస్తున్నారని... కాస్త సర్దాను.”

గోడ మీద ఎవరో కిసుక్కుమన్నారు. ఆ అమ్మాయికి నవ్వు రాలేదు.

“నేనేమైనా చుట్టపుచూపుగా వచ్చానా పెద్దాయనా? ఇంకెక్కడ సర్దారు?”

“జెండా ఉన్నచోటల్లా.”

ఆమె సీసాలన్నీ వరసగా నేల మీద ఒంపేసి, పార బాబాయి చేతికిచ్చింది. ఆయన తలవంచుకుని పెరటి మట్టి గీకేస్తుంటే అడుగునుంచి వంకాయ రంగు తేలింది. కంపు గుప్పుమనేసరికి తల్లులు పిల్లల్ని రెక్క పట్టి కిందికి లాగేశారు. గేటు దగ్గర నవ్వులు ఆగిపోయాయి.

కొన్నాళ్లకు ఫలితం వచ్చింది. స్థలమంతా తవ్వి తీయాల్సిందే, కొట్లు ఆగాల్సిందేనని. ఆ కబురు విన్న రోజు పిన్ని మిషను ముందు కూర్చుని చాలాసేపు సూదిలోకి దారం ఎక్కిస్తూనే ఉంది. బాబాయి గుమ్మంలోనే నిలబడిపోయాడు.

“కూరలో ఉప్పు తక్కువైందని నాతో అనడానికే నాలుగు రోజులు నసుగుతారు,” అంది పిన్ని తలెత్తకుండా. “అంతమందిలో ఎలా చెప్పారండీ?”

“ఆ గోడ మీది పిల్లలు...” అని ఆగిపోయాడు.

పిన్ని దారం కొరికింది.

“సరే, లోపలికి రండి. ఆ పొయ్యి కాస్త అటు జరపండి. ఇంకా కొన్నాళ్లు ఇక్కడే కుట్టాలిగా.”