కరెంటు ఆగిన చోటు

మా సామర్లకోట బడిలో ఈ రోజు ఏడో తరగతికి కరెంటు పాఠం చెప్పాను. పిల్లల్ని గుండ్రంగా నిలబెట్టి చేతులు పట్టుకోమన్నాను. నేను పక్కపిల్ల చెయ్యి నొక్కితే, ఆ నొక్కు ఒకరి నుంచి ఒకరికి అందుతూ చుట్టూ తిరిగి నా దగ్గరికి రావాలి. అదే మా కరెంటు. రాగానే నేను టార్చిలైటు వెలిగించాలి.

ఎంతకీ రాలేదు. చూస్తే రూతుకీ సుమతికీ మధ్య ప్లాస్టిక్ స్కేలు ఉంది. చెరో కొసా పట్టుకున్నారు. ఇద్దరూ ప్రాణస్నేహితులే, సోమవారం నుంచి మాటల్లేవట.

"ప్లాస్టిక్‌లోంచి కరెంటు వెళ్తుందా?" అన్నాను.

రూతు స్కేలు తీసేసి తన చున్నీ కొస అందించింది.

సుమతి నా వైపే చూస్తూ, "పొడిగుడ్డలోంచి కూడా వెళ్లదని ఆవిడకి చెప్పండి టీచర్" అంది.

రూతు సీసాలో నీళ్లు చున్నీ మీద ఒంపి, జామకాయలోకి దాచుకున్న ఉప్పూకారం పొట్లం విప్పి దాని మీద చల్లింది.

"ఉప్పునీళ్లలోంచి వెళ్తుంది కదండి. ఆవిడకి చెప్పండి."

తెల్ల చున్నీ ఎర్రబడిపోయింది. సుమతి గబుక్కున దాన్ని లాక్కుని, "మీ అమ్మ చంపేస్తుందే నిన్ను" అంటూ పిండటం మొదలుపెట్టింది. ఈసారి మధ్యలో నేను లేను. పిండి పిండి, ఆ తడిచేత్తోనే రూతు చెయ్యి పట్టుకుంది.

కాసేపటికి నా ఎడమ చెయ్యి ఎవరో నొక్కారు. టార్చి వెయ్యడం నేనే మర్చిపోయాను.

మీరూ ఎవరితోనైనా మాట్లాడటం మానేశారా? మధ్యలో పెట్టుకున్నది స్కేలా, తడిచున్నీయా?