ఓరిన్ కూర్చుని చూసిన రాళ్ళు

ఓరిన్ బాబ్‌కాక్‌కి ఉన్నది ఒకటే జబ్బు. రాయి కనబడితే కూర్చోవాలి. అలిసిపోయి కాదు, ఆయాసం వచ్చీ కాదు. ఆరడుగుల నాలుగంగుళాల మనిషి, అరవై రెండేళ్ళవాడు, పెరట్లో రాయిని చూసినా పరాయివాళ్ళ పొలంలో రాయిని చూసినా ఆగిపోయేవాడు. ఒకసారి శ్మశానంలో సమాధి రాయిమీద కూడా కూర్చోబోతే పాదిరిగారు చెయ్యి పట్టుకుని లేపారు.

అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రంలోని మా పెంబ్రీ లోయ భూసంరక్షణ సంఘంలో పనికేం కరువు లేదు. పొలాలూ అడవులూ ఇళ్ళస్థలాలుగా ముక్కలైపోకుండా చూడాలి. ఏడాదికోసారి ప్రతి హద్దూ నడిచి రావాలి. గడ్డిలో గూడు కట్టే బాబోలింక్ పిట్ట పిల్లలు ఎగిరిపోయేదాకా ఎవరినీ గడ్డి కొయ్యనివ్వకూడదు. శనివారాలు ఊరివాళ్ళంతా రంపాలూ పారలూ పట్టుకుని వచ్చి ఒళ్ళు వంచేవాళ్ళు. ఓరిన్ ఒక గునపం పట్టుకుని వచ్చి కూర్చునేవాడు.

కూర్చోవడమంటే ఊరికే కూర్చోవడం కాదు, రాయికి పెళ్ళిచూపులు. చుట్టూ తిరిగి చూసేవాడు, తట్టేవాడు, కూర్చుని లేచి మళ్ళీ కూర్చునేవాడు. నచ్చితే గునపంతో దొర్లించుకుంటూ, సంఘం కొత్తగా వేస్తున్న కొండదారి పక్కకి తెచ్చి పాతేవాడు. చిత్రమేమిటంటే ఆయనకి నచ్చిన సంబంధాలన్నీ పొట్టివే. వాటిమీద కూర్చుంటే మోకాళ్ళు చెవులకి తగిలేవి.

"కాస్త ఎత్తయినది చూసుకోరాదూ?" అని అడిగింది సంఘం అధ్యక్షురాలు మార్సియా. ఆవిడా తాడిచెట్టంత మనిషే, రిటైరైన హెడ్‌మిస్ట్రెస్.

"ఎత్తువాటికి పొగరెక్కువ, మార్సియా" అన్నాడు ఓరిన్.

అసలు ఆ వసంతంలో మార్సియాని తినేస్తున్న దిగులు వేరు. ఆ దారి వేస్తున్న కొండని సంఘానికి రాసిచ్చింది ఆర్డిస్ పెల్లెటియర్. ఎనభై నాలుగేళ్ళ మనిషి, అయిదడుగులు కూడా ఉండదు. అడ్డమైనవాళ్ళూ వచ్చి ఇళ్ళు కట్టకుండా తొంభై ఎకరాలూ ఉచితంగా ఇచ్చేస్తూ, ఈ కొండమీద ఒక్క మేకు కూడా దిగకూడదని పత్రంలో పట్టుబట్టి రాయించింది. ఆ మరుసటేడే తుంటి విరిగింది. పైనుంచి ఏటి మలుపుని ఒక్కసారి చూస్తే చాలని ఆవిడకి ప్రాణం కొట్టుకుంటోంది. మధ్యమధ్యలో కూర్చోకుండా ఎక్కడం ఆవిడవల్ల కాదు.

దారిలో నాలుగు బెంచీలు వేయిస్తామని మార్సియా బతిమాలింది. ఆర్డిస్ ససేమిరా అంది. "నా మాట నేనే తప్పితే నా తర్వాత ఎవడు నిలబెడతాడమ్మా? ఇవాళ బెంచీ, రేపు గుడిసె, ఎల్లుండి హోటలు." పోనీ బండిలో తీసుకెళ్తామంటే, నేనేమైనా ఎండుగడ్డి మోపునా అని మండిపడింది.

జూన్‌లో దారి తెరిచే రోజు వచ్చింది. మేపుల్ పాకం పూసిన డోనట్లు తింటూ ఊరంతా కొండ కింద గేటు దగ్గర చేరింది. దారి పొడుగునా రాళ్ళు పాతావు, వచ్చినవాళ్ళు అడిగితే ఏం చెప్పమంటావని మార్సియా పొద్దున్నే ఓరిన్‌ని కడిగేసింది.

ఆర్డిస్ రిబ్బను కత్తిరించింది. నాలుగడుగులు వేసి వెనక్కొచ్చేస్తానంటూ కర్ర పట్టుకుని బయల్దేరింది. నలభై అడుగుల దగ్గర తుంటి పట్టేసింది. మార్సియా పరుగెత్తుకొచ్చేలోపల ఆవిడ పక్కనున్న రాయిమీద కూర్చుంది. పాదాలు రెండూ నేలకి చక్కగా ఆనాయి. కాసేపటికి లేచింది. ఇంకో నలభై అడుగులు, ఇంకో రాయి. మూడో రాయిమీద కూర్చుని ఓరిన్‌ని పిలిచింది.

"ఏరా, చలికాలమంతా చర్చి నుంచి కారు దాకా నా వెనకాలే నడిచావు. ఇందుకేనా?"

"నలభై అడుగులకోసారి కంచె పట్టుకునేవారండీ" అన్నాడు ఓరిన్ బూట్లు చూసుకుంటూ.

"బెంచీలు వద్దన్నానుగా?"

"బెంచీ ఎక్కడుందండీ? ఇవి కూలిపోయిన మీ పాత గోడ రాళ్ళే. మీ కొండమీదే ఉన్నాయి. కాస్త జరిగాయంతే."

ఓరిన్ మోకాళ్ళు చెవులకెందుకు తగిలాయో మార్సియాకి అప్పుడర్థమైంది. ఇన్నాళ్ళూ తను తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది. ఇలాంటివాణ్ణి మా సంఘానికిచ్చిన దేవుడికి దణ్ణం పెట్టుకుంది.

పదిహేనో రాయి కొండ కొసన ఉంది. అదొక్కటే ఇద్దరు పట్టేంత వెడల్పు. ఆర్డిస్ దానిమీద కూర్చుని, కింద మెరుస్తున్న ఏటి మలుపుని కళ్ళారా చూసుకుంది. పక్కన చేత్తో తట్టి, వెనకే వచ్చిన ఓరిన్‌తో "నీ రుణం తీర్చుకోలేనురా. రా, కూర్చో" అంది.

"వద్దండీ" అన్నాడు ఓరిన్. "కూర్చుని కూర్చుని నడుం పడిపోయింది. ఇవాళొక్కరోజు నన్ను నిలబడనివ్వండి."

ఆ ఖాళీలో మార్సియా కూర్చుంది. మోకాళ్ళు వచ్చి గడ్డానికి తగిలాయి. అయినా లేవలేదు.