సోడా నీళ్లలో కడిగేసిన కొండ

పంతొమ్మిదివందల యాభైల్లో మా ఆయన హిందూపురంలో ఫోటోలు తీసేవాడు. అంగట్లో తీసే పెళ్లి ఫోటోలు కూటికోసం, పెనుకొండ కొండ మీద తీసినవి తనకోసం. వానలు పడితే అక్కడ బండ మీంచి నీళ్లు దూకుతాయి. ఎండాకాలం అదే బండ మీద నల్లటి చార మిగులుతుంది. ఆయనకు రెండూ కావాలి. సీతాఫలం చెట్లు చిగురించినప్పుడూ పోవాలి, ఆకు రాలినప్పుడూ పోవాలి. కెమెరా ఆయన భుజాన, గాజు పలకల పెట్టె నా నెత్తిన. అప్పట్లో ఫోటో ముందు గాజు మీదే పడేది. తెల్లది నల్లగా, నల్లది తెల్లగా. ఆ తర్వాత కాగితం మీద సరిగా వచ్చేది.

ఒక్క పలకలో మాత్రం ఆయన ఉన్నాడు, దూకే నీళ్ల పక్కన. తీసింది నేనే.

"నేను తల ఊపంగానే కెమెరా మూత తీయి. పది లెక్కబెట్టి మూసెయ్" అన్నాడు. భయంతో మెల్లగా లెక్కపెట్టాను.

"ఏమే, పదా అది, నూరా? నడుము పట్టుకునె!" అని నవ్వాడు.

కాగితం మీద వేయమంటే, కాగితం పెళ్లివాళ్లకే చాలదు, తర్వాత చూద్దామన్నాడు. చూడకుండానే జ్వరంతో పోయాడు. ఆయన బొమ్మ ఆ గాజులో తప్ప ఇంకెక్కడా లేదు.

నన్ను మూల కూర్చోబెట్టారు. పదకొండో దినం దాకా గడప దాటకూడదట. తొమ్మిదో నాడు పొద్దున్నే పెరట్లో గాజుకు గాజు తగిలే చప్పుడు. నెత్తిన మోసినదాన్ని, ఆ చప్పుడు నాకు తెలియదా? అయినా గడపకు భయపడి కూర్చున్నాను. తలచుకుంటే ఇప్పటికీ నన్ను నేనే చెప్పుతో కొట్టుకోవాలనిపిస్తుంది.

మధ్యాహ్నానికి లేచి పెరట్లోకి పోయాను. శనక్కాయల చేను చూసుకునే మా మరిది, తొట్టిలో బట్టలుతికే సోడా కలిపిన వేడినీళ్లు పోసి పలకలు పీచుతో రుద్దుతున్నాడు. కడిగినవి గోడకు ఆనించి ఉన్నాయి, ఏమీ లేకుండా.

"ఏం చేస్తాండావబ్బా?"

"ధర్మవరంలో పటాలు కట్టే ఆయప్పకు అద్దాలు కావాలంట వదినా. వీటిల్లో నీళ్లూ రాళ్లే కదా ఉండేది."

"మీ అన్న ఉండాడు రా ఆడ!"

"యాడ? తెల్లజుట్టు, నల్లపంచె... ఎవరో ముసిలి గొర్రెలాయప్ప అనుకొని కడిగేస్తి."

తొట్టిలో చెయ్యి పెట్టాను. కాలింది. అడుగున దొరికిన పలక మీది పొర మీగడలా జారి నా వేళ్లకు చుట్టుకుంది. అది ఆయనదో, వట్టి నీళ్లదో కూడా తెలియలేదు.

"ఇంకా రెండు దినాలుండాయే, బయటికొస్తివేమే!" అని అరిచింది అత్త. కొడుకు బొమ్మ పోయినందుకు ఒక్క మాట రాలేదు ఆమె నోట.

అద్దాలన్నీ ధర్మవరం పోయాయి. ఒకదానికి మరిది వెంకటేశ్వరస్వామి పటం కట్టించి తెచ్చి నడవలో తగిలించాడు.

"దండం పెట్టుకో" అంది అత్త.

"ఆ అద్దంలో యా కాలం నీళ్లుండెనో నీ చిన్నకొడుకునడిగి చెప్పు. అప్పుడు పెడతా" అన్నాను.

ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. నేనూ పెట్టలేదు.