టీవీకి వెన్ను చూపిన మామయ్య

మా మామయ్య టీవీ చూడగా చూసినవాళ్ళెవరూ లేరు. ఎవరింట్లో టీవీ నడుస్తున్నా సరే, కుర్చీ లాక్కుని, దానికి వీపు పెట్టి, చూసేవాళ్ళ మొహాలు చూస్తూ కూర్చుంటాడు. పత్రికలూ రేడియో టీవీ కలిసి జనాన్ని ఏం చేస్తాయో కాలేజీలో పాఠం చెప్పి రిటైరయ్యాడు. జీతం ఆగింది గానీ పాఠం ఆగలేదు.

ఒకసారి మా ఇంట్లో అందరం ఆట చూస్తున్నాం. మామయ్య సరిగ్గా తెర ముందే కుర్చీ వేశాడు.

“బావా, కాస్త జరుగు. బంతి కనబడట్లేదు,” అన్నాడు మా నాన్న.

“నాకు నీ మొహం బాగానే కనబడుతోంది. ‘అవుట్ కాదు’ అనబోయావు. అందరూ అవుటని అరిచేసరికి నువ్వూ అరిచావు. పదిమందిలో ఒంటరైపోతామన్న భయంతో మనిషి నోరు మూసుకుంటాడని సిద్ధాంతం ఉందిలే!”

నాన్న నోరు మూసుకున్నాడు. సిద్ధాంతం మళ్ళీ రుజువైంది.

ఇలాంటి మనిషిని ఎవరు పిలుస్తారు? మెల్లగా చుట్టాలు పిలవడం మానేశారు. ఆయన పెళ్ళి చేసుకోలేదు. ఉద్యోగమొచ్చి నేను ఆయన దగ్గర దిగేనాటికి ఆయనుండే మేడమీది రెండు గదుల్లో గోడగడియారం తప్ప మాట్లాడేదేదీ లేదు. సాయంత్రం నేను చెప్పులు విప్పకముందే, “ఇవాళ ఆఫీసులో దేని గురించి మాట్లాడుకున్నారే?” అనేవాడు. మనం ఏం ఆలోచించాలో టీవీ చెప్పదట, దేని గురించి ఆలోచించాలో చెబుతుందట. దానికి నేను సాక్ష్యం. అసలు సంగతేమిటంటే, మనిషి మాట కోసం మొహం వాచి ఉన్నాడు.

కింది వాటాలో బట్టలు కుట్టే పిన్నిగారు ఒక్కతే ఉండేది. భర్త పోయిన దగ్గర్నుంచి ఆవిడ టీవీ ఆపింది లేదు. పొద్దస్తమానం దొంగతనాలు, హత్యలు. తలుపుకి ఒక గొలుసు పడింది, తర్వాత ఇంకో గొలుసు. బట్టలు తెచ్చినవాళ్ళని కిటికీలోంచే పంపేసేది. ఆఖరికి మిషన్ మీద దుప్పటి కప్పేసి, పాలు కూడా వద్దనేసింది.

“రోజంతా టీవీ చూసేవాళ్ళకి లోకం ఉన్నదానికంటే చెడ్డగా కనబడుతుందే,” అన్నాడు మామయ్య. ఈసారి గొంతులో గెలిచిన సంబరం లేదు. “ఇలాగే వదిలేస్తే ఆవిడ ఇంక ఎవరికీ తలుపు తీయదు.”

మర్నాడు వెళ్ళి తలుపు తట్టాడు.

“ఏమండీ, టీవీ చూసేవాళ్ళ మీద పరిశోధన చేస్తున్నాను.”

“పరిశోధనంటూ ఇళ్ళల్లో దూరేవాళ్ళని నిన్ననే చూపించారు,” అంది పిన్నిగారు లోపల్నుంచి.

“అయితే బయటే ఉంటాను.”

ఆవిడ టీవీ వరండా కిటికీ కింద ఉండేది. మామయ్య కిటికీకి ఇవతల కుర్చీ వేసుకున్నాడు. పిన్నిగారికి తెర మీద వార్తలు, తెర పైన మా మామయ్య తలకాయ. రోజూ సాయంత్రం ఇదే. దారినపోయేవాళ్ళు దొంగేమోనని ఆగి చూసేవారు. నాకు తల కొట్టేసినట్టుండేది.

“ఎందుకలా ఉలిక్కిపడ్డారు?”

“పక్క వీధిలో ఎవరి మెళ్ళోదో గొలుసు తెంచుకుపోయారట.”

“ఏ పక్క వీధి?”

“టీవీలో పక్క వీధి.”

“మన పక్క వీధిలోంచే వస్తున్నాను. ఒకాయన సైకిల్‌కి గాలి కొట్టుకుంటున్నాడు. ముసలి కుక్క ఆయన నీడలో పడుకుంది. అంతే.”

అలా రోజూ ఆవిడకి వీధి వార్తలు చెప్పేవాడు. కొన్నాళ్ళకి ఆవిడే టీవీ గొంతు తగ్గించి, “ఇవాళ కుక్క సంగతేమిటి?” అని అడగడం మొదలుపెట్టింది.

ఒక సాయంత్రం జోరున వాన. మామయ్య గొడుగు పట్టుకుని కిటికీ దగ్గరే కూర్చున్నాడు. లోపల ఒక గొలుసు చప్పుడైంది. తర్వాత రెండోది.

“తడిసి జ్వరం తెచ్చుకుంటే ఆ పాపం నాకెందుకు? లోపలికి రండి.”

మొన్న భోజనానికి పిలుద్దామని కిందికి వెళ్ళాను. తలుపు బార్లా తీసి ఉంది. మిషన్ నడుస్తోంది. టీవీ ఆపేసి ఉంది, దాని మీద కుట్టాల్సిన గుడ్డలు. మామయ్య మాత్రం అలవాటు ప్రకారం దానికి వీపు పెట్టి కూర్చున్నాడు.

“టీవీ నడవట్లేదుగా మామయ్యా, ఇంకా ఏం పరిశోధన?”

మామయ్య తడబడ్డాడు. నాకు తెలిసి, ఆయనకి సమయానికి సిద్ధాంతం అందకపోవడం అదే మొదలు.

పిన్నిగారు మిషన్ ఆపకుండానే అంది. “ఆయన్ని కదిలించకమ్మాయ్. పరిశోధన ఇప్పుడు నాది. తేలడానికి ఇంకా చాన్నాళ్ళు పట్టేట్టుంది.”

మామయ్య కుర్చీని ఇంకాస్త ముందుకి జరుపుకున్నాడు.