ఇరవై రెండు జానల మద్ది

నాకు సంతకం పెట్టుడు దాకనే సదువచ్చు. గందుకే నేను చెప్తున్న, నా బిడ్డ రాస్తుంది. నా గొంతు గరగర అంటది, మధ్యల ఆగితే దగ్గువచ్చిందనుకోండ్రి.

నేను పుట్టింది మంథని దిక్కు. గోదారి ఒడ్డున నాట్లేసుకుంట పెరిగినదాన్ని. పెండ్లైనంక ఆదిలాబాద్ అడవిల పడ్డ. మా ఆయన అడవి వాచరు. పొద్దుగాల కట్టె భుజాన ఏసుకొని పోతే పొద్దుమీకి వస్తుండె. కొత్తల నాకు అడవంటె గుండె దడ. ఇంట్ల ఒక్కదాన్నే ఉండలేక, సద్దిమూట పట్టుకొని ఆయన ఎంబడే పోతుంటి.

ఒక యేడు అడవాఫీసు పెద్దసారు వాచర్లందరిని పిలిచి, ఎవరి అడవిల వాళ్లు అన్నిటికన్న లావు చెట్లు దేవులాడి, చుట్టుకొలత రాసుకొని రావాలె అన్నడట. ఛాతి ఎత్తుల కొలువాలె అని ఒకటికి రెండుసార్లు చెప్పిండట. మా ఆయనకు టేపు ఏడిది? మోదుగు నారతోని తాడు పేనిండు. తన చెయ్యితోని కొలిచి జానకొక ముడి ఏసిండు.

ఇగ మా పని షురువైంది. టేకులు, నల్లమద్దులు, ఇప్పలు, ఏది లావు కనవడ్డా ఇడువలే. నేను తాడు కొసను నా రొమ్ముకు సమంగ చెట్టుకు ఆనిచ్చి పట్టుకుంటే, ఆయన మిగిలిన తాడు పట్టుకొని చెట్టు సుట్టు తిరిగొచ్చి, నా చెయ్యికాడ కలిపి ముడులు లెక్కవెట్టేది. లావు చెట్టైతే ఎనుకకు పోంగనే మనిషి కనవడకపోయేది. తాడు ఒక్కటే నా చేతుల కదులుతుండె. ఆయన ఎత్తు మనిషి, నేను ఆయన సంకకాడికి వస్తుంటి.

"ఉన్నవానే పొట్టిదానా?" అని చెట్టు ఎనుకకెళ్లి అడుగుతుండె.

"ఉన్న, ఏడికి పోత?" అంటుంటి.

గట్ల తిరుగంగ తిరుగంగ వాగొడ్డున ఒక తెల్లమద్ది దొరికింది. గంత చెట్టు నేను పుట్టి చూడలే. మొదలుకాడ రెక్కలు రెక్కలుగ ఇచ్చుకొని ఉన్నది, పైకి పోయినకొద్ది సన్నగైంది. మా ఆయన తలకు సుట్టిన తువ్వాల తీసి చేతుల పట్టుకున్నడు, చర్చిల తీసినట్టు. సరిగ్గ నా రొమ్మెత్తుల చెట్టుకు ఒక బుడిపె ఉండె. తాడు కొస గా బుడిపె మీద పెట్టి పట్టిన. ఇరవై రెండు జానలు. మూడుసార్లు కొలిచినం, మూడుసార్లు గంతే వచ్చింది. వాగుల కాళ్లు పెట్టుకొని జొన్నరొట్టె, ఉల్లిగడ్డ కారం తిన్నం. గా రుచి ఇప్పటికీ నా నోట్లె ఉన్నది.

సారు చూడ వచ్చిననాడు నేను పుట్టింట్ల ఉంటి. ఇరవై రెండు జానలంటె పదారున్నర అడుగులని లెక్క కట్టి, టేపు పెట్టి కొలిచిండట. పద్నాలుగే వచ్చిందట. పదిమంది ముందట బుక్కు తెరిచి ఎర్రపెన్నుతోని తప్పు అని రాసిండట. రెండున్నర అడుగులు కోతలు కోసినవ్ అన్నడట. మా ఆయన, తాడు తెస్త సారూ, మళ్ల కొలుస్త అంటుండగనే జీపు పోయిందట.

గప్పటికెల్లి ఊర్ల ఆయన పేరు రెండున్నర. చాయ్ హోటల్ కాడ కూసుంటె, ఏం రెండున్నరా, గీ చాయ ఎన్ని జానలున్నదో చెప్పు అందురు. ఆడ నవ్వుతుండె, ఇంటికొచ్చినంక నవ్వకపోయేది. తాడు సుట్టి సందుగల ఏసిండు, మళ్ల తియ్యలే. ఆఖరికి జరమొచ్చి పానం ఇడిచే ముందు గూడ గదే మాట.

"నేను అబద్ధం చెప్పలే పొట్టిదానా."

చెప్పలేదని నాకెరుకనే. గని లెక్క ఎట్ల తప్పిందో నాకు సుత ఎరుకలేకపాయె.

మొన్న ఎండకాలం మా అడవి చూసుకునే బీటు మేడం మా ఇంటికొచ్చింది. నా బిడ్డకన్న చిన్నది. పెద్దచెట్ల లిస్టు మళ్ల చేస్తున్నరట. పాత బుక్కుల ఇరవై రెండు జానలని ఉన్నది, పక్కన ఎర్రగ తప్పు అని ఉన్నది, గా చెట్టు ఏడున్నదో జర చూపిస్తవా అవ్వా అన్నది. మోకాళ్ల నొప్పి గిప్పి ఏం చూడలే. సందుగల తాడు తీసుకొని నడిచిన.

చెట్టు ఉన్నది. నాకు పానం లేచొచ్చింది. మేడం ఒక కట్టె చెట్టుకు నిలవెట్టి, గా కట్టె కొసకు సమంగ టేపు సుట్టింది. పద్నాలుగు ముప్పావు. గీ కట్టె ఎందుకు బిడ్డా అని అడిగిన.

"ఛాతి ఎత్తంటె గిదే అవ్వా, నాలుగున్నర అడుగులు. ఎవరు కొలిచినా గంతే."

నేను గా కట్టె పక్కకు పోయి నిలవడ్డ. మాకు ఛాతి ఎత్తంటె తాడు పట్టినోళ్ల ఛాతి. పట్టింది నేను, నా రొమ్ము గా కట్టె కొసకన్న శాన కింద, చెట్టు కిందనే లావు.

బుడిపె దేవులాడిన. గప్పుడు రొమ్ముకాడ ఉన్న బుడిపె ఇప్పుడు నా గదుమకాడ ఉన్నది. నేను కుంగిన, చెట్టు కుంగలే. తాడు కొస దాని మీద పెట్టి పట్టి, నువ్వు తిరిగిరా బిడ్డా అన్న. మేడం చెట్టు ఎనుకకు పోయింది, కనవడలే. చేతుల తాడు కదిలింది. ఎవ్వలు అడుగకముందే "ఉన్న" అన్న. ఏమన్నవ్ అవ్వా అని ఎనుకకెళ్లి అడిగింది మేడం. ఏం లేదన్న.

ఇరవై రెండు ముడులు దాటి ఇంకొక జాన వచ్చింది. మేడం ఏళ్లమీద లెక్క చూసింది. సారు పద్నాలుగుకు, నా పద్నాలుగు ముప్పావుకు నడుమ గూడ ఒక జానే అవ్వా, గిన్నేండ్లల్ల చెట్టు గంత పెరిగింది, తాత కొలత సరిగ్గనే ఉండె అన్నది.

బుక్కుల రాయి బిడ్డా అన్న. లిస్టుల తన కొలతే పోవాలెనట. గని పాత బుక్కు తీసి, ఎర్ర అక్షరాల పక్కన రాసి, నాకు చదివి ఇనిపించింది.

"తప్పు కాదు. కొలత సరైనదే. తాడు పట్టిన మనిషి పొట్టి."

మళ్లొకసారి చదువుమన్న. చదివింది.

ఇంటికొస్తుంటె చాయ్ హోటల్ కాడ ఒక ముసలోడు, ఏం వదినె, రెండున్నర తాడు పట్టుకొని ఎటు పోయొస్తున్నవ్ అని నవ్విండు.

"గా రెండున్నర మీ అన్నది కాదు మరిదీ, నాది" అన్న.

వానికేం సమజ్ కాలే.