మావయ్య చేతిలో థర్మాకోలు

నిన్న మా మేనమామ ఫోన్ చేశాడు, నేను తీసిన సినిమాలో తన పేరు ఎక్కడొస్తుందో కనుక్కోడానికి. "గురువుని కదే, మొదట్లోనే వెయ్యి," అన్నాడు. వేస్తాను లెండి అన్నాను. ఫోన్ పెట్టేసి ఎంతసేపు నవ్వుకున్నానో.

మావయ్యకి యానాంలో వీడియో షాపు ఉండేది. చుట్టుపక్కల పెళ్ళిళ్ళన్నీ ఆయనవే. కాలిపోయే వీడియో లైటు నెత్తి మీదికెత్తి ఆయన వెనకాల తిరగడం నా సెలవుల పని. చెయ్యి కాస్త వాలితే "దించకే" అని పందిరంతా వినేలా కసిరేవాడు. ఒక్కసారి కెమెరా ఇవ్వండి మావయ్యా అంటే, "ఆడపిల్లవి, కెమెరా ముందు నుంచుంటే బావుంటావు, వెనకెందుకు?" అని నవ్వేవాడు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండిపోతుంది.

మెట్టకూరు పెళ్ళిలో దేవుడు నా మొర ఆలకించాడు. పెసరట్టు ఉప్మా మళ్ళీ మళ్ళీ వడ్డించుకున్న మావయ్య, సరిగ్గా ముహూర్తం వేళకి కడుపు పట్టుకుని, కెమెరా నా చేతిలో పడేసి పెరట్లోకి పరిగెత్తాడు. నా చేతిలో లైటుని పక్కనున్న పెద్దాయనకి అంటగట్టి, కెమెరాకి కన్ను ఆనించి చూస్తే, పెళ్ళికొడుకు మోచెయ్యి పెళ్ళికూతురి మొహానికి అడ్డం. "ఆగండి," అన్నాను. తాళి పట్టుకున్న చేతులు ఆగాయి. పంతులుగారూ ఆగారు. "మోచెయ్యి కిందికి దించండి," అంటే దించారు. ఇంట్లో ఫ్యాను ఆపమన్నా నా మాట ఎవరూ వినేవాళ్ళు కాదు. నేనేం కావాలో నాకు అక్కడే తెలిసింది.

తీరా క్యాసెట్ వేసి చూస్తే, తాళి కట్టే చోట నా గొంతు లేదు. దాని మీద సినిమా పాట అతికించాడు. గులాబీల మధ్య గిర్రున తిరుగుతూ ఆయన పేరొకటి. ఆ షాటు ఎలా తీశారండీ అని పెళ్ళివారడిగితే, మీసం సవరించుకుని "అనుభవం" అన్నాడు. లైటు వైరు చుట్టుకుంటూ నేనక్కడే ఉన్నాను. నీ పని చెప్తాను అనుకున్నాను. తర్వాత హైదరాబాదు సెట్లలో ఎవరు నన్ను వెనక్కి నెట్టినా, ఆ పాట గుర్తొచ్చి మళ్ళీ ముందుకొచ్చేదాన్ని. అందరూ దాన్ని ధైర్యం అంటారు గానీ, నాది ఉత్త కక్ష.

మొన్న ఎండాకాలంలో గోదావరి గట్టు మీద ఈ సినిమా షూటింగు. మావయ్య ఇస్త్రీ చొక్కాతో వచ్చి, కుర్చీ వేయించుకుని, అంతా తను నేర్పిందేనని అందరికీ చెప్తున్నాడు. తెల్ల థర్మాకోలు షీటు తెచ్చి చేతిలో పెట్టాను. "కాస్త ఎత్తి పట్టుకోండి మావయ్యా, హీరోయిన్ మొహం మీద వెలుగు పడాలి." అంతమంది ముందు కాదనలేకపోయాడు. షాటు మొదటిసారే బావొచ్చింది. అయినా వన్ మోర్ అన్నాను. తర్వాత మళ్ళీ అన్నాను. చొక్కా చెమటకి ఒంటికి అంటుకుపోయింది.

"చెయ్యి లాగేస్తోందే అమ్మడూ, దించనా?"

"ఆగండి," అన్నాను. ఆగాడు.

ఆయన పేరు వేశాను. చిట్టచివర, లైట్లు పట్టుకున్నవాళ్ళ వరసలో. అది తెర మీదికొచ్చేసరికి పాట ఆపించి, అక్కడ నా గొంతు పెట్టించాను: "ఆగండి." మావయ్య క్యాసెట్లన్నీ ఎప్పుడో బూజు పట్టిపోయాయి. ఆ ఒక్క మాటే, ఇన్నేళ్ళయినా నా గొంతులో చెక్కుచెదరలేదు.